దొరసాని వెన్నుపాము

ఉదయగిరి బస్టాండులో దిగి శాంతికుమార్ ఇల్లెక్కడని అడిగితే, ఏ శాంతికుమార్ అని ఎదురడుగుతారు. ఆ పేరున్నవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. ‘ఈమూ శాంతికుమార్’ అంటే మాత్రం ఏ ఆటోవాడైనా మారుమాట్లాడకుండా ఎక్కించుకుని, వరికుంటపాడు రోడ్డులో ఊరి చివరి ఇంటి ముందు దించుతాడు. ఇప్పుడా ఇంట్లో ఈమూ లేదు. పేరు మాత్రం అతన్ని వదల్లేదు.

శాంతికుమార్‌కు యాభై దాటాయి. సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచే మనిషి. ఎదుటివాళ్లు మాట్లాడటం అయిపోయాక కూడా కాసేపు ఆగి గానీ జవాబు చెప్పడు. తండ్రి ఆదెయ్య చివరిదాకా మేకలు కాసినవాడు. బాప్టిస్టు చర్చిలో ఆదివారం గంట కొట్టేదీ ఆయనే. కొడుకు పదో తరగతి తప్పి, కొన్నాళ్లు ట్రాక్టరు తోలి, పెళ్లయ్యాక ఏదైనా నికరమైన పని దొరుకుతుందేమోనని చూస్తూ ఉన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే జిల్లాలో జనానికి ఈమూల పిచ్చి పట్టింది.

ఈమూ ఆస్ట్రేలియా పక్షి. మనిషెత్తు ఉంటుంది. రెక్కలున్నా ఎగరదు, కాళ్ల మీదే దాని బతుకంతా. దాని మాంసం మంచిదని, నూనె కీళ్ల నొప్పులకు పనికొస్తుందని, తోలు ఎగుమతి అవుతుందని కంపెనీల వాళ్లు ఊరూరా తిరిగి చెప్పారు. పిల్లల్ని మేమే ఇస్తాం, పెంచి పెద్ద చేస్తే మళ్లీ మేమే కొంటాం అన్నారు. ఆత్మకూరులో భూములున్న చంద్రశేఖర్ ఆ మాట నమ్మి, ఊరికి అవతల కాలువ పక్కన ఉన్న తన చేను చుట్టూ ఎత్తుగా కంచె వేయించి ఈమూ ఫారం పెట్టాడు. మేకల మధ్య పెరిగినవాడు, జీవాల సంగతి తెలుసు అని ఎవరో చెబితే శాంతికుమార్‌ను పిలిపించి కాపలాకూ మేపుకూ పెట్టుకున్నాడు.

ఆ ఫారంలో గడిపిన కాలమే తన జీవితంలో బాగున్న కాలమని శాంతికుమార్ ఇప్పటికీ అంటాడు. పక్షులు అతని అడుగుల చప్పుడు గుర్తుపట్టేవి. దాణా బకెట్టు పట్టుకుని లోపలికి వెళితే అన్నీ మెడలు చాచి వెంటపడేవి. చంద్రశేఖర్ కూతురు అశ్విత అప్పుడు బడికి వెళ్లే పిల్ల. ఆదివారాలు నాన్న బండి మీద ఫారానికి వచ్చి, శాంతికుమార్ చొక్కా వెనక నుంచి పట్టుకుని, అతని నడుము పక్కగా తల బయటికి పెట్టి పక్షుల్ని చూసేది.

“మామా, ఇవి పొడుస్తాయా?”

“పొడవవు పాపా. తన్నుతాయి. ముందర నిలబడకుండా ఉంటే చాలు.”

రెండేళ్లు తిరిగేసరికి కంపెనీ ఫోన్లు ఎత్తడం మానేసింది. తర్వాత ఆ ఆఫీసుకు తాళం పడింది. పక్షుల్ని అమ్ముదామంటే కొనేవాడు లేడు, కోద్దామంటే తినేవాడు లేడు. దాణా బస్తాలు రావడం తగ్గి, చివరికి ఆగిపోయింది. శాంతికుమార్ కాలువ గట్ల మీద గడ్డి కోసుకొచ్చి వేశాడు, కూరగాయల మార్కెట్లో పారేసిన ఆకులు ఏరుకొచ్చి వేశాడు. ఆ మందకు అవి ఏ మూలకు సరిపోతాయి? పక్షులు ఒకదాని ఈకలు ఒకటి పీక్కుతినడం మొదలుపెట్టాయి. రోజూ ఏదో ఒకటి కంచె పక్కన పడిపోయి కనిపించేది.

ఒకరోజు చంద్రశేఖర్ వచ్చి, కంచె లోపలికి చూడకుండా, బండి దిగకుండా అన్నాడు. “నాకేం తోచడంలా శాంతీ. గేటు తీసెయ్.”

“తీస్తే యాడికి పోతాయన్నా?”

“ఏమో. ఇక్కడుంటే మటుకు ఏం తింటాయి?”

శాంతికుమార్ గేటు తీశాడు. పక్షులు కాసేపు నమ్మలేనట్టు నిలబడి, తర్వాత గుంపుగా చేలల్లోకి పరుగెత్తాయి. కొన్ని రోడ్డెక్కి లారీల కింద పడ్డాయి. కొన్నింటిని కుక్కలు తరిమాయి. ఎక్కడెక్కడికి పోయాయో, ఎన్ని బతికాయో ఎవరికీ తెలియదు. ఒక్క పెట్ట మాత్రం గేటు దాటి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి దాణా తొట్టి పక్కన నిలబడింది. తొట్టి ఖాళీగా ఉంది. శాంతికుమార్ దాని తలకు ఒక మేజోడు తొడిగాడు. కళ్లు కనపడకపోతే ఈమూ నెమ్మదిస్తుంది. దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని ట్రాలీ ఆటోలో ఎక్కించి ఉదయగిరి తెచ్చుకున్నాడు.

అతని భార్య సుకుమారి గుమ్మంలో నిలబడి ఆ ఆటో వైపు చూసింది.

“ఏందయ్యా ఇది? ఏదన్నా పని చూసుకోని వస్తావనుకుంటే ఒంటెను తెచ్చినావు?”

“ఒక్కటే మే. యాడికీ పోలా ఇది.”

సుకుమారి లోపలికి వెళ్లింది. ఇంట్లో మిగిలిన సంగటి ముద్ద తెచ్చి దాని ముందు పెట్టింది. మర్నాడు అది పెరట్లో ఒక్కో అడుగూ ఎత్తెత్తి వేస్తూ, తల తిప్పి అన్నీ పరికిస్తూ నడుస్తుంటే, చర్చిలో గోడకు వేలాడే పాత ఫొటోలోని మిషన్ దొరసాని ఇట్టాగే నడిచి ఉంటుందని సుకుమారి నవ్వింది. అట్లా దానికి దొరసాని అన్న పేరు స్థిరపడింది.

దొరసాని ఆ పెరట్లో పన్నెండేళ్లు బతికింది. శాంతికుమార్ బడి పిల్లల ఆటో తోలేవాడు. సుకుమారి ఇంట్లో కూర్చుని చెక్క స్పూన్లను నున్నగా రుద్దే పని చేసేది. పిల్లలు లేరు. చలికాలం వచ్చిందంటే దొరసాని ముదురాకుపచ్చ రంగు గుడ్లు పెట్టేది. అవి రాళ్లలాగా బరువుగా, గట్టిగా ఉండేవి. చూడటానికి వచ్చినవాళ్లు చేతిలోకి తీసుకుని నిజం గుడ్డేనా అని అడిగేవారు. దాని గొంతులోంచి వచ్చే చప్పుడు ఖాళీ డ్రమ్ము మీద అరచేత్తో కొట్టినట్టు ఉండేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచేవారు. ఆటోలో పిల్లల్ని దించి శాంతికుమార్ ఇంటికొచ్చేసరికి అది కంచె పక్కన నిలబడి ఉండేది. అతను అవిశాకు కోసి వేసేదాకా వెంటే తిరిగేది.

పోయిన ఏడాది వానలు మొదలయ్యే ముందు ఒక ఉదయం దొరసాని నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని ఉంది. ఈమూలు కాళ్లు మడిచి కూర్చోవడం మామూలే కాబట్టి శాంతికుమార్ పట్టించుకోలేదు. సాయంత్రం వచ్చి చూస్తే అక్కడే ఉంది. ఆకు చూపిస్తే మెడ చాచి అందుకుంది గానీ లేవలేదు. ఒక కాలు కిందికి మడిచి ఉంది, రెండోది పక్కకు చాపి ఉంది. చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. దొరసాని రెక్కలు కొట్టుకుంది, మెడ అటూ ఇటూ తిప్పింది. కాళ్లు మాత్రం వేరే ఎవరివో అయినట్టు వేలాడాయి.

ఉదయగిరి పశువుల డాక్టరు మోహన్‌కృష్ణ మర్నాడు వచ్చాడు. మొహమాటం లేకుండా ఉన్నమాట చెప్పేశాడు.

“నాకు గొడ్లు తెలుసు, మేకలు తెలుసు, కోళ్లు తెలుసు. ఇంత పక్షికి ఎప్పుడూ వైద్యం చెయ్యలా శాంతికుమార్. ఎంత మందు ఎక్కించాలో కూడా ఇంకొకర్ని అడగాల.”

ఆయన చిన్న పట్టకారుతో దొరసాని కాలివేలు గట్టిగా నొక్కాడు. అది కాలు వెనక్కి తీసుకోలేదు. తల తిప్పి కూడా చూడలేదు.

“చూసినావా? నొప్పి తెలియడంలా. కాళ్లలో ఏం లేదు. వెన్నులో ఉండాది అసలు సంగతి.”

సత్తువ ఇంజెక్షన్లు వేశాడు, కాల్షియం ఇచ్చాడు. రోజు విడిచి రోజు వచ్చాడు. మార్పు లేదు. పట్నం తీసుకెళ్లి ఎక్స్‌రే ఫొటో తీయిద్దామా అని శాంతికుమార్ అడిగితే, ఇంత పక్షిని అంత దూరం తీసుకుపోతే దారిలోనే ప్రాణం పోతుందని, తీసుకుపోయినా తీసేవాళ్లుంటారని నమ్మకం లేదని అన్నాడు. ఆఖరికి ఒక వీడియో తీసి, తెలిసినవాళ్లు సలహా చెప్పండని డాక్టర్ల వాట్సాప్ గుంపులో పెట్టాడు.

ఆ వీడియో చూసినవాళ్లలో అశ్విత ఒకతె. ఆమె పశువైద్యం చదివి, చదివిన కాలేజీలోనే పరిశోధన చేస్తూ ఉంది. ముందు పక్షిని చూసింది, తర్వాత దాని మెడ పట్టుకుని ఉన్న మనిషిని చూసి గుర్తుపట్టింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

“మామా, నేను అశ్వితని. ఆత్మకూరు చంద్రశేఖర్ గారి కూతుర్ని. ఆదివారం వస్తాను, దాన్ని చూస్తాను.”

శాంతికుమార్‌కు ప్రాణం లేచి వచ్చింది. పెద్ద చదువు చదివిన పిల్ల, తన చొక్కా పట్టుకుని నిలబడిన పిల్ల, వస్తానంటోంది. ఆ ఆదివారం అతను చర్చికి వెళ్లలేదు. పెరడంతా ఊడ్చి, దొరసాని కింద కొత్త గడ్డి పరిచి కూర్చున్నాడు.

అశ్విత వచ్చి చాలాసేపు పరీక్ష చేసింది. వేళ్లు నొక్కింది, తొడలు తట్టింది, తోక దగ్గర సూదితో తాకింది, రెక్కలు ఎత్తి వదిలింది. మెడా రెక్కలూ బాగానే పలుకుతున్నాయి. నడుం నుంచి కిందికి ఏమీ పలకడం లేదు. చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చుంది. సుకుమారి టీ ఇచ్చింది.

“నువ్వు దేని మీద చదువుతా ఉండావు పాపా?” అడిగాడు శాంతికుమార్.

“పక్షుల వెన్నుపాము మీద మామా. అది ఎంత ఉంటాదో కొలుస్తాను.”

“పామా?” అంది సుకుమారి.

“పేరే అట్ట అత్తా. వెన్నుపూసల మధ్యలో పోయే పెద్ద నరం. తాడు మాదిరి ఉంటాది. మనకు నడుం దగ్గర ఆగిపోతాది, పక్షులకైతే తోక దాకా పోతాది. బాగా ఎగిరే పక్షికి రెక్కల దగ్గర లావుగా ఉంటాది, బాగా నడిచేదానికి కాళ్ల దగ్గర లావుగా ఉంటాది. ఎంత ఒంటికి ఎంత వెన్నుపాము ఉంటాదో చూస్తా ఉన్నాం. కోళ్లు, బాతులు, గిన్నికోళ్లు, సీమకోళ్లు అన్నీ కొలిచినాను. అసలు ఎగరకుండా కాళ్ల మీదే బతికే పక్షి మాత్రం నాకు ఒక్కటీ దొరకలా.”

శాంతికుమార్ ఆశగా ముందుకు జరిగాడు. “అయితే దీనిది కొలిచి చూడు పాపా. ఏం తక్కువైందో తెలిస్తే మందు ఇయ్యొచ్చు గదా.”

అశ్విత టీ గ్లాసు కింద పెట్టింది.

“బతికి ఉండగా కొలవలేం మామా. అంత పెద్ద స్కానింగు మిషను మన పశువుల ఆసుపత్రుల్లో లేదు. పోయినాకనే. అదీ వెంటనే చెయ్యాల. పెరుగు మాదిరి మెత్తగా ఉంటాది, ఆలస్యమైతే కరిగిపోద్ది. ఐసులో పెట్టినా చెడిపోద్ది.”

శాంతికుమార్ గడ్డి మీద పడుకుని ఉన్న దొరసాని వైపు చూశాడు.

“అంటే, ఇది పోతే తీసుకుందామని వచ్చినావు.”

“అవును మామా,” అంది అశ్విత. తల దించుకోలేదు గానీ గొంతు తగ్గింది. “చూడాలని కూడా వచ్చినాను. రెండూ నిజమే.”

“బాగు చేసే చదువు లేదా పాపా?”

“ఉండాది. దీనికి మాత్రం లేదు మామా. నడుం దగ్గర నరం చెడిపోయినాక మళ్లా రాదు. ఇది లేవదు.”

సుకుమారి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అశ్విత ఇంకో మాట చెప్పింది. ఇట్లాగే ఉంచితే ఒళ్లు పుండ్లు పడుతుందని, బాధ లేకుండా నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఉందని, అయితే ఆ నిర్ణయం తనది కాదని, డాక్టరుదీ ఇంటివాళ్లదీ అని. వెళ్లేటప్పుడు శాంతికుమార్ ఆమెను బస్టాండు దాకా ఆటోలో దించి వచ్చాడు.

ఆ తర్వాత అతను చేయగలిగిందల్లా చేశాడు. గోనె సంచులు విప్పి కుట్టి, తాళ్లు కట్టి, రేకుల షెడ్డు దూలానికి ఉయ్యాలలాగా వేలాడదీసి దొరసానిని అందులో నిలబెట్టాడు. కాళ్లు నేలకు ఆనితే అలవాటు మీద అడుగు వేస్తుందేమోనని ఆశ. మోకాళ్లు ముందుకు జారిపోయాయి, పక్షి సంచిలో వేలాడుతూ అరిచింది. దించేశాడు. ఎవరో చెబితే నల్లేరు ముద్ద కట్టాడు. ఇంకెవరో చెబితే ఆముదం కాచి నడుముకు రాశాడు. అనుమసముద్రంపేట దర్గాకు మొక్కుకోమని పక్కింటి సాయిబు భార్య చెబితే, చర్చి మనిషి అయి ఉండీ మనసులో ఆ మొక్కూ మొక్కుకున్నాడు. పూటకు ఒకసారి పక్క మార్చి పడుకోబెట్టేవాడు. అయినా రొమ్ము కింద చర్మం చిట్లింది. ఈగలు వాలుతుంటే సుకుమారి స్పూన్ల పని మానేసి పక్కనే కూర్చుని విసనకర్రతో తోలేది.

చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే వేళ వస్తే లేచి నిలబడాలనుకున్నాడు. జబ్బు పడిన బిడ్డల కోసం, కాన్పుకు వెళ్లిన కూతుళ్ల కోసం అందరూ మనవులు చెబుతున్నారు. వాళ్ల మధ్య లేచి, మా పక్షి కోసం ప్రార్థించండి అనడానికి నోరు రాలేదు. కూర్చునే ఉండి ఇంటికొచ్చాడు.

దొరసాని ఆకు తినడం మానేసింది. నీళ్లు నోట్లో పోస్తే పక్కనుంచి కారిపోయేవి. మెడ ఎత్తలేక నేల మీద చాపి పెట్టుకునేది. కళ్లు మాత్రం అతను ఎటు వెళితే అటు తిరిగేవి.

“ఇంక చాలయ్యా,” అంది సుకుమారి ఒక పొద్దున. “మనం దాన్ని సాకడంలా. మన కోసం దాన్ని పట్టుకోని ఉండాం.”

అతను పెరట్లోకి వెళ్లి ఫోన్ చేశాడు. “రా పాపా,” అన్నాడు.

అశ్విత తండ్రి కారు తీసుకుని వచ్చింది. మోహన్‌కృష్ణ కూడా వచ్చాడు. ఆమె డిక్కీలోంచి సామాను దించింది. కోసింది చెడిపోకుండా ఉంచే మందు క్యాన్లు రెండు, చిన్న రంపం, ఎముకలు కత్తిరించే కటింగ్ ప్లేయర్లు, రెండు వైపులా మూతలున్న పొడుగాటి ప్లాస్టిక్ పైపు. బోరుకు వేసే పైపులాంటిదే. శాంతికుమార్ ఆ పైపు వైపు చూసి, అది ఎందుకో అర్థమై, మొహం తిప్పుకున్నాడు.

ఇంజెక్షన్ చేసేటప్పుడు మెడ పట్టుకోవడానికి ఎవరైనా కావాలన్నాడు డాక్టరు. ఇంకెవర్నీ రానివ్వకుండా శాంతికుమారే కూర్చున్నాడు. దొరసానికి సూది కనపడకుండా మేజోడు తెచ్చి తలకు తొడిగాడు. మొదటి ఇంజెక్షన్‌కు అతని చేతుల్లో మెడ బరువెక్కింది. రెండోదానికి గొంతులోంచి ఆ డ్రమ్ము చప్పుడు ఒకసారి, చాలా సన్నగా వచ్చింది. డాక్టరు గొట్టం పెట్టి విని తల ఊపాడు. శాంతికుమార్ మెడ వదల్లేదు. “అయిపోయింది, వదులు” అని ఆయన రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

అశ్విత ఆగడానికి వీల్లేదు. షెడ్డులో టార్పాలిన్ పరిచి పని మొదలుపెట్టింది. వెన్ను పైభాగం కోసి, ఎముక కప్పును కొంచెం కొంచెంగా విప్పుతూ పోవాలి. అంత బరువైన వెన్నును కదలకుండా ఒకరు పట్టుకోవాలి. డాక్టరు అప్పటికే ఇంకో ఊళ్లో గేదె ఈనలేకపోతోందని ఫోన్ వస్తే వెళ్లిపోయాడు. శాంతికుమార్ వచ్చి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“వద్దు మామా. అత్తను పిలుస్తాలే.”

“ఆమె వల్ల కాదు. నేనే పట్టుకుంటా. నాకూ చూడాలని ఉండాది.”

అతను చూడాలనుకున్నది కారణం. లోపల ఎక్కడో విరిగిన పూస ఉంటుంది, లేదా నల్లటి గడ్డ ఉంటుంది, పురుగు ఉంటుంది, ఇదిగో దీనివల్ల అని వేలు పెట్టి చూపించగలిగింది ఏదో ఒకటి ఉంటుందని అతని నమ్మకం. మందు ఘాటుకు కళ్లు మండుతున్నా రెప్ప వేయకుండా చూశాడు. నడుం దగ్గర పూసలన్నీ కలిసిపోయి ఒకే ఎముకగా ఉన్నాయి. ఆ ఎముక కప్పు తీసేసరికి లోపల తెల్లగా, నున్నగా, వేలి లావున తాడు కనిపించింది. కాళ్ల దగ్గర అది ఉబ్బి, మధ్యలో చీలి, ఆ చీలికలో తాటిముంజలాంటి గుజ్జు ఉంది.

“అదే! అదే గదా పాపా రోగం!”

“కాదు మామా. అది అన్ని పక్షులకూ ఉంటాది. ఎందుకుంటాదో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు.”

“మరి ఏంది? ఏమైంది దీనికి?”

అశ్విత ఆ పొడుగునా చూసింది, మళ్లీ చూసింది. “కంటికి ఏం కనపడడంలా. బాగానే ఉన్నట్టుండాది.”

అయినా పని అయ్యేదాకా అతను వెన్ను వదల్లేదు. ముక్కలుగా విడదీసిన వెన్నును ఆమె పైపులో వరసగా పెట్టి, మందు నింపి, మూత బిగించింది. మిగిలిన దేహాన్ని షెడ్డు వెనక గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చారు. గొయ్యి దగ్గర సుకుమారి ఒక నిమిషం కళ్లు మూసుకుంది. ప్రార్థన చేసిందో లేదో శాంతికుమార్ అడగలేదు.

మందులో వెన్నుపాము గట్టిపడటానికి వారాలు పడుతుందని, తర్వాత కొలత మొదలుపెడతానని అశ్విత చెప్పింది. అతను ఎదురుచూశాడు. ఆటోలో పిల్లల్ని దించి వచ్చి, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చునేవాడు. తనంతట తాను ఫోన్ చేయడానికి మొహమాటపడేవాడు. చివరికి చలి మొదలయ్యాక ఆమే చేసి, సెలవులకు ఆత్మకూరు వచ్చానని, వీలైతే రమ్మని చెప్పింది.

చంద్రశేఖర్ ఇంటి వరండాలో కూర్చోబెట్టి అశ్విత అంతా వివరంగా చెప్పింది. వెన్నుపాము పైపొర తీసి, ముందు కొలత గీతలున్న గాజు గొట్టంలో నీళ్లు పోసి అందులో ముంచి, నీళ్లు ఎంత పైకి లేచాయో చూసింది. తర్వాత మొత్తాన్ని పల్చటి బిళ్లలుగా కోసి, ఒక్కో బిళ్ల వైశాల్యం కొలిచి, మందంతో హెచ్చవేసి కూడింది. రెండు లెక్కలూ దగ్గర దగ్గరగానే వచ్చాయి.

“ఎంత ఉండాది?” అడిగాడు.

“దగ్గుమందు సీసా మూత ఉంటాది గదా మామా. ఆ మూతతో రెండు మూతలు, పైన కొంచెం.”

శాంతికుమార్‌కు అది బుర్రకు ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. అంత ఎత్తు పక్షి, తన్నితే కంచె వంగిపోయే కాళ్లు, పన్నెండేళ్ల నడక. అదంతా రెండు మూతల మీద నిలబడి ఉంది.

“అది తక్కువా? ఎక్కువా?”

“అదే తెలియడంలా మామా.” ఆమె వేళ్లు ఒకదాంట్లో ఒకటి బిగించుకుంది. “తక్కువని చెప్పాలంటే మామూలు ఈమూకు ఎంత ఉంటాదో తెలియాల. మా దగ్గర ఇంకోటి లేదు. పుస్తకాల్లో వెతికినా సరిపోల్చుకునేంత దొరకలా. మైక్రోస్కోపులో చూస్తే కొన్ని నరాలు చచ్చిపోయినట్టు కనపడినాయి. ఎందుకు చచ్చిపోయినాయో తెలియలా. వయసో, ఏదన్నా తిన్నదో, వైరసో. ఇంకొకటి... మా సారు చెప్పినారు. జబ్బు పక్షి గాబట్టి దీని కొలత మంచి పక్షుల పట్టికలో పెట్టకూడదంట. పక్కన పెట్టినాము.”

“పక్కన అంటే?”

“లెక్కలోకి రాదు మామా. సీసాలో భద్రంగా ఉండాది. ఎప్పుడన్నా మంచి ఈమూ ఒకటి దొరికితే, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.”

అంతసేపూ వాలుకుర్చీలో కూర్చుని వింటున్న చంద్రశేఖర్, పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. వెంట్రుకలు పూర్తిగా నెరిశాయి. “ఆ రోజుల్లో ఎన్ని ఉండె శాంతీ మన దగ్గిర,” అన్నాడు. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు.

శాంతికుమార్ ఇంటికి వెళ్లి సుకుమారికి ఏం చెప్పాలో తెలియక, ఏమీ తేలలేదట అని మాత్రం చెప్పాడు. కానీ ఇంకో ఈమూ అన్న మాట అతన్ని కూర్చోనివ్వలేదు. దాణా కొట్లవాళ్లను అడిగాడు, నిమ్మకాయల లారీ డ్రైవర్లను అడిగాడు. కొన్నాళ్లకు ఒక డ్రైవరు, కలువాయి దగ్గర ఒక నిమ్మతోటలో అట్లాంటి పక్షి తిరుగుతుంటే చూశానని చెప్పాడు. ఆ శనివారం బడి లేదు. బస్సు మారి కలువాయి వెళ్లి, అడుగుతూ అడుగుతూ ఆ తోట చేరాడు.

తోట పెంచలమ్మ అనే ఆమెది. అరవై ఏళ్లుంటాయి. కాయలు కోయిస్తూ ఉంది. ఈమూ చెట్ల మధ్య కనిపించింది. ఆ ఈమూల ఏళ్లలోనే ఎక్కడినుంచో తప్పించుకుని వచ్చి తోటలో చేరిందని, కుక్కల్ని రానివ్వదని ఉంచుకున్నామని ఆమె చెప్పింది. శాంతికుమార్ చూస్తూ నిలబడ్డాడు. అది రాలిన ఆకు ఒకటి ముక్కుతో ఎత్తి పారేసి, గట్టెక్కి, కాలువ దాటి, అటువైపు నడిచింది. మోకాలు మడవడం, పాదం ఎత్తడం, మూడు వేళ్లూ విప్పి నేల మీద ఆనించడం, అన్నీ కుదురుగా జరిగిపోతున్నాయి. దాని గురించి దానికి ఏ ఆలోచనా లేదు.

“ఏం పని మీద వచ్చినావు నాయనా?” అడిగింది పెంచలమ్మ.

అతను అడగాలని వచ్చిన మాట దారి పొడుగునా కూర్చుకునే వచ్చాడు. దీన్ని ఏమీ చెయ్యరమ్మా, ఎప్పుడైనా దానంతట అది పోతే మాత్రం ఒక్క ఫోన్ చెయ్యండి, ఒక పాప వచ్చి వెన్నుపాము కొలుచుకుంటుంది అని. ఆ నడిచే పక్షిని చూస్తూ ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“ఇట్టాంటిదే మా ఇంట్లో ఒకటి ఉండె అమ్మా. ఊరికే చూసి పోదామని వచ్చినా.”

“ఉండె అంటే? ఏమైంది?”

“కాళ్లు పడిపోయినాయి. లేవలా.”

“ఎందుకు పడిపోయినాయి?”

“తెలవదమ్మా. పెద్ద చదువులు చదివినోళ్లు చూసినారు. తెలియలా.”

పెంచలమ్మ చేతిలోని బుట్ట కింద పెట్టి, గట్టు అవతల ఉన్న తన పక్షి వైపు చూసింది. “దీనికీ వస్తాదా అట్ట?”

“తెలవదు.”

“రాకుండా ఏం పెట్టాల? నువ్వు సాకినోడివి గదా, చెప్పు.”

శాంతికుమార్ తాను పెట్టినవన్నీ మంచివే అనుకుని పెట్టాడు. వాటిలో ఏది చేటు చేసిందో, అసలు ఏదైనా చేసిందో లేదో తెలియదు. చేతులు రెండూ అట్లా విప్పి చూపించాడు. ఆమె పోయేటప్పుడు సంచి నిండా నిమ్మకాయలు పోసి ఇచ్చింది.

ఇంటికి చేరేసరికి సుకుమారి చెక్క స్పూన్లు ముందు వేసుకుని రుద్దుతూ ఉంది.

“కనపడిందా?”

“ఆఁ.”

“ఎట్ట ఉండాది?”

“బాగుండాది. నడస్తా ఉండాది.”

“పాపకు చెప్తావా?”

శాంతికుమార్ నిమ్మకాయల సంచి గోడవారగా పెట్టి, ఆమె పక్కన కూర్చుని, ఒక స్పూను చేతిలోకి తీసుకున్నాడు. ఎప్పటిలాగే కాసేపు ఆగాడు. సుకుమారి చెయ్యి ఆపి ఎదురుచూసింది. అతను గరుకు కాయితం అందుకుని ఆ స్పూనును రుద్దసాగాడు. కొంతసేపటికి ఆమె మళ్లీ పని మొదలుపెట్టింది.